బోధనకు ఏఐ సాధనం ఎంచుకోవడం ఎలా: విద్యార్థుల సమాచారం భద్రంగా ఉండాలంటే

అనంతపురం, కర్నూలు, కడప విశ్వవిద్యాలయాల విభాగాల్లోకి, వాటి అనుబంధ డిగ్రీ, ఇంజనీరింగ్, బి.ఎడ్. కళాశాలల్లోకి జనరేటివ్ ఏఐ ఏ పాలకమండలి తీర్మానమూ లేకుండానే వచ్చి చేరింది. పాఠానికి ఉదాహరణలు తయారు చేసుకోవడానికి, ఇంగ్లీషు పాఠ్యభాగాన్ని తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి అర్థమయ్యేలా విడమరచడానికి, ప్రశ్నల బ్యాంకును పెంచడానికి, కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్ సంస్థ అడిగే నివేదికలకు వివరణలు రాయడానికి అధ్యాపకులు దానిని వాడుతున్నారు. అధ్యాపకుల కొరత ఉన్న కళాశాలలకు అది నిజంగా ఆసరా అవుతుంది కాబట్టి వాడకాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. అయితే దానిని ఆలోచించి ఎంచుకున్నవారు తక్కువ. 2025లో గూగుల్ భారతీయ విద్యార్థులకు జెమిని ఉన్నత శ్రేణిని ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చింది. ఎయిర్‌టెల్ ఖాతాదారులకు పర్‌ప్లెక్సిటీ, జియో ఖాతాదారులకు జెమిని ఉచితంగా అందాయి. నవంబరులో చాట్‌జీపీటీ గో కూడా ఏడాది ఉచితమైంది. ఫోనులో ఏది ఉచితంగా దొరికితే అదే తరగతి గదికీ వచ్చింది. ఇవన్నీ వ్యక్తిగత ఖాతాలకు వచ్చిన పథకాలు. వాటికి వర్తించే షరతులు కంపెనీకి, ఆ వ్యక్తికి మధ్య ఉండేవే తప్ప వాటిలో కళాశాలకు ఏ పాత్రా లేదు.

అందువల్ల సాధనం పేరును చివరగా తేల్చుకోవాలి. ఏ సమాచారం అందులోకి వెళ్తుంది, అది ఏ ఖాతా ద్వారా ఎవరి ఒప్పందం కింద వెళ్తుంది అన్న రెండు విషయాలు ముందుగా తేలాలి. ఈ రెండూ తేలితే సాధనం ఎంపిక చాలావరకు దానంతట అదే కుదురుతుంది.

ముందు సమాచారాన్ని విడదీయాలి

విభాగంలోని అధ్యాపకులందరూ ఒకచోట కూర్చుని, ఏఐకి ఇప్పటివరకు ఏమేమి ఇచ్చారో, ఇకముందు ఏమేమి ఇవ్వదలచారో దాపరికం లేకుండా కాగితం మీద పెట్టడం మొదటి పని. సిలబస్, అచ్చయిన పాత ప్రశ్నపత్రాలు, సొంతంగా రాసుకున్న పాఠం నోట్సు వంటివి ఎక్కడికి వెళ్లినా ఎవరికీ హాని జరగదు. ఇంకా పరీక్ష జరగని ప్రశ్నపత్రం, బోర్డ్ ఆఫ్ స్టడీస్ చర్చల ముసాయిదా, ప్రచురణ కాని పరిశోధన వ్యాసం సంస్థ లోపలే ఉండవలసినవి. విద్యార్థి పేరు, హాల్ టికెట్ నంబరు, ఆధార్, అపార్ ఐడీ (విద్యార్థికి ఇచ్చే జాతీయ గుర్తింపు సంఖ్య), ఫోను నంబరు, ఇంటర్నల్ మార్కులు, హాజరు, కులం, కుటుంబ ఆదాయం, ఫీజు రీయింబర్స్‌మెంట్ వివరాలు, కౌన్సెలింగులో చెప్పుకున్న మాటలు వ్యక్తిగత సమాచారం కిందికి వస్తాయి. ఈ మూడో వర్గాన్ని మామూలు ఏఐ ఖాతాలోకి ఎట్టి పరిస్థితిలోనూ పంపకూడదని మొదటే రాసుకోవాలి.

ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యేది న్యాక్ పనిలోనే. అక్కడి పట్టికల్లో విద్యార్థుల పేర్లు, ఈమెయిళ్లు, ఫోను నంబర్లు, రిజర్వేషన్ వర్గం ఒకే ఎక్సెల్ షీటులో ఉంటాయి. గడువు దగ్గరపడినప్పుడు ఆ షీటు మొత్తాన్ని అప్‌లోడ్ చేసి విశ్లేషణ రాయించుకోవాలనిపిస్తుంది. నిజానికి వివరణ రాయడానికి ఏఐకి ఆ పేర్లతో పని లేదు. ఏ కోర్సులో ఎంతమంది చేరారు, ఎంతమంది ఉత్తీర్ణులయ్యారు అన్న మొత్తాలు చాలు. ఆ మొత్తాలను ఎక్సెల్‌లోనే లెక్కకట్టి అంకెలను మాత్రమే ఇవ్వడం అలవాటు చేసుకోవాలి.

పేరు తీసేస్తే సరిపోతుందన్న నమ్మకాన్ని కూడా పరీక్షించుకోవాలి. గ్రామీణాభివృద్ధి, సోషల్ వర్క్, అర్థశాస్త్రం విద్యార్థులు మన జిల్లాల్లో క్షేత్ర పర్యటనలు చేసి రైతులతో, వలస కూలీలతో మాట్లాడతారు. కళ్యాణదుర్గం వైపు ఒక ఊరిలో వేరుశనగ రైతు చెప్పిన మాటలను రికార్డు చేసి, వాటిని రాతలోకి మార్చడానికి విద్యార్థి ఏఐకి ఇచ్చాడనుకుందాం. రైతు పేరు ఎక్కడా లేదు. కాని ఊరి పేరు, ఆయన వేయించిన బోర్ల సంఖ్య, ఎండిపోయిన చీనీ తోట, బెంగళూరుకు పనికి వెళ్లిన కొడుకు, అప్పు ఇచ్చిన బ్యాంకు శాఖ అన్నీ అందులో ఉంటే ఆయన ఎవరో ఆ ఊళ్లో ఎవరైనా చెప్పగలరు. పైగా ఆడియో ఇచ్చినప్పుడు గొంతు కూడా వెళ్తుంది. ఆ రైతు మాట్లాడింది ఎదురుగా కూర్చున్న విద్యార్థిని నమ్మి. విదేశీ సర్వరుకు తన అప్పుల సంగతి చేరడానికి ఆయన ఒప్పుకోలేదు. ఇటువంటి ప్రాజెక్టుల్లో ఊరిని మండలం స్థాయికి, వయస్సును పదేళ్ల వ్యవధికి, అప్పు మొత్తాన్ని సుమారు శ్రేణికి మార్చిన తరువాతే ఏఐ సాయం తీసుకోవాలి. ఏఐ వాడదలిస్తే ఆ సంగతిని ఇంటర్వ్యూకు ముందు తీసుకునే సమ్మతి పత్రంలోనే చెప్పాలి.

జవాబు పత్రాల ఫోటోల విషయమూ ఇటువంటిదే. లోపలి పేజీని మాత్రమే ఫోటో తీశామనుకున్నా మొదటి పేజీలోని నంబరు, బార్‌కోడ్ అంచున కనబడవచ్చు. వర్డ్ ఫైలు లక్షణాల్లో రాసినవారి పేరు నిలిచిపోతుంది. ఫైలు పేరే హాల్ టికెట్ నంబరై ఉండవచ్చు. అసైన్‌మెంట్ల మీద అభిప్రాయం రాయించుకోవాలంటే ఫైలును అప్‌లోడ్ చేయకుండా అవసరమైన పేరాను మాత్రమే కాపీ చేసి, విద్యార్థికి ఒక సంకేతం ఇచ్చి, ఆ సంకేతాల జాబితాను తన కంప్యూటరులోనే ఉంచుకోవడం మంచి పద్ధతి.

చట్టం ఎవరిని బాధ్యులను చేస్తుంది

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. దాని తరువాత వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం లభించింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల మీద ఉండే ప్రధాన బాధ్యతలు 18 నెలల గడువు తరువాత, అంటే 2027 మే నుంచి అమలులోకి వస్తాయి. ఆ గడువును సిద్ధపడడానికి వాడుకోవాలి.

సాధనం ఎంపికకు సంబంధించి ఈ చట్టంలో అన్నిటికన్నా ముఖ్యమైనది బాధ్యత ఎవరిదన్న అంశం. ఏ సమాచారాన్ని ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేది కళాశాల లేదా విశ్వవిద్యాలయం అయినప్పుడు, ఆ పనిని బయటి కంపెనీ సాఫ్ట్‌వేర్ చేసినా బాధ్యత సంస్థ మీదే ఉంటుంది. బయటి కంపెనీకి ఆ పని అప్పగించాలంటే చెల్లుబాటయ్యే ఒప్పందం ఉండాలి. ఒక అధ్యాపకుడు తన సొంత ఖాతాలోకి తరగతి మార్కులు పంపినప్పుడు ఆ ఒప్పందమే ఉండదు. తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు, సమాచారం లీకైనట్లు తెలియజేయకపోతే 200 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే అధికారం ఈ చట్టం కింది డేటా ప్రొటెక్షన్ బోర్డుకు ఉంది. సమాచారం దేశం దాటడాన్ని ఈ చట్టం మొత్తంగా నిషేధించలేదు; కేంద్రం నోటిఫికేషన్ ద్వారా ఆంక్ష పెట్టిన దేశాలకు మాత్రం పంపకూడదు. కాబట్టి సర్వరు ఎక్కడ ఉందన్నది అడగవలసిన ప్రశ్నే అయినా, దాని ఒక్కదానితోనే నిర్ణయం తీసుకోకూడదు.

కంపెనీలు తమ పత్రాల్లో అమెరికా విద్యా గోప్యత చట్టానికి, ఐరోపా సమాచార రక్షణ చట్టమైన జీడీపీఆర్‌కు అనుగుణంగా ఉన్నామని రాస్తాయి. అది మంచి లక్షణమే. అయినా మన చట్టం ప్రకారం మన సంస్థ చేయవలసిన పనులు దానితో తీరిపోవు.

ఖాతా మారితే షరతులు మారతాయి

ఒకే పేరుతో, ఒకే తెరతో కనిపించే సాధనం వ్యక్తిగత ఖాతాలో ఒక రకంగా, సంస్థ ఖాతాలో మరో రకంగా ప్రవర్తిస్తుంది. ఎంపికలో అసలు కీలకం ఇక్కడే ఉంది.

చాట్‌జీపీటీ వ్యక్తిగత ఖాతాలో మనం రాసినది, మోడల్ (జవాబులు తయారుచేసే ప్రోగ్రాము) మెరుగుదలకు వాడకూడదని సెట్టింగ్‌లోకి వెళ్లి ఆపితే తప్ప, శిక్షణకు ఉపయోగపడవచ్చు. డబ్బు చెల్లించే వ్యక్తిగత ఖాతాకూ ఇదే వర్తిస్తుంది. చందా కట్టినంతమాత్రాన గోప్యత దొరకదు. 2024 మేలో ప్రకటించిన చాట్‌జీపీటీ ఎడ్యు వంటి సంస్థాగత రూపాల్లో మాత్రం శిక్షణకు వాడకపోవడమే మొదటి నుంచి ఉండే నియమం. ఆంత్రోపిక్ కంపెనీ సాధనమైన క్లాడ్ వ్యక్తిగత ఖాతాల్లో 2025 నుంచి శిక్షణకు అనుమతించాలా వద్దా అని వాడుకరినే అడుగుతున్నారు; అనుమతిస్తే సమాచారాన్ని ఐదేళ్ల వరకు ఉంచుకుంటారు. జెమిని వ్యక్తిగత ఖాతాలో కొన్ని సంభాషణలను మనుషులు కూడా పరిశీలిస్తారనీ, అలా పరిశీలించినవి మూడేళ్ల వరకు ఉండవచ్చనీ గూగుల్ తన విధానంలోనే చెబుతుంది. అదే జెమినిని, గూగుల్‌దే మరో ఏఐ సాధనమైన నోట్‌బుక్‌ఎల్ఎంను విద్యాసంస్థల వర్క్‌స్పేస్ ఖాతాతో వాడినప్పుడు సంభాషణలను మోడళ్ల శిక్షణకు వాడబోమని, మనుషులు చూడరని హామీ ఉంటుంది. మైక్రోసాఫ్ట్ కోపైలట్‌లో కూడా సంస్థ ఇచ్చిన ఖాతాతో లాగిన్ అయినప్పుడే ఆ రక్షణ వర్తిస్తుంది. డీప్‌సీక్ యాప్ తన సమాచారం చైనాలోని సర్వర్లలో ఉంటుందని విధానంలో పేర్కొంది. కార్యాలయ కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటి ఏఐ సాధనాలను వాడవద్దని కేంద్ర ఆర్థిక మంత్రిత్వశాఖ 2025 జనవరిలో తన సిబ్బందికి సూచించింది. ఈ షరతులను కంపెనీలు తరచూ మారుస్తాయి కాబట్టి నిర్ణయం తీసుకునే రోజున విధాన పత్రాన్ని మళ్లీ చదివి, తేదీతో సహా పీడీఎఫ్‌గా భద్రపరచుకోవాలి.

అనుబంధ కళాశాలల్లో చాలామంది అధ్యాపకులు సొంత జీమెయిలుతోనే పని నడుపుతారు. ఆ స్థితిలో ఉన్న ప్రిన్సిపాల్ తీసుకోగల మొదటి నిర్ణయానికి ఏఐతో సంబంధమే లేదు: కళాశాల పేరుతో డొమైన్ తీసుకుని, విద్యాసంస్థల కోసం ఇచ్చే గూగుల్ వర్క్‌స్పేస్ లేదా మైక్రోసాఫ్ట్ 365కు దరఖాస్తు చేయాలి. గుర్తింపు పొందిన సంస్థలకు వాటి ప్రాథమిక శ్రేణి ఉచితం. డొమైన్‌కు ఏడాదికి అయ్యేది స్వల్ప ఖర్చు. అధ్యాపకులు ఆ ఖాతాతోనే జెమిని లేదా కోపైలట్ వాడితే, ఈ ఒక్క పనితో వారి ఏఐ వాడకం వ్యక్తిగత షరతుల నుంచి సంస్థ ఒప్పందం కిందికి మారుతుంది. నా అభిప్రాయంలో ఖరీదైన ఏ ఏఐ చందాకన్నా చిన్న కళాశాలకు ఇదే ముందుగా అవసరం.

అమ్మకానికి వచ్చే ప్రతినిధులను అడగవలసిన ప్రశ్నలు ఎక్కువేమీ ఉండవు. మేము ఇచ్చే సమాచారాన్ని, మీరు ఇచ్చే జవాబులను శిక్షణకు వాడతారా? ఎన్ని రోజులు ఉంచుకుంటారు? మీ వెనుక ఉన్న అసలు మోడల్ ఏ కంపెనీది, మా సమాచారం వారికీ చేరుతుందా? ఖాతాల నిర్వహణ మా చేతిలో ఉంటుందా? లీకు జరిగితే ఎంతసేపటిలో మాకు చెబుతారు? చివరి ప్రశ్న చాలా ముఖ్యం. లీకు వివరాలను సంస్థ 72 గంటల్లో బోర్డుకు సమర్పించాలని కొత్త నియమాలు చెబుతున్నాయి; కంపెనీ వారం తరువాత చెబితే సంస్థ ఆ గడువును పాటించలేదు. మూడో ప్రశ్ననూ విడిచిపెట్టకూడదు, ఎందుకంటే ప్రశ్నపత్రాల తయారీ అనో పాఠ్య ప్రణాళిక సహాయకుడనో కొత్త పేర్లతో వచ్చే ఎన్నో సాధనాలు లోపల పెద్ద కంపెనీల మోడళ్లనే పిలుస్తాయి. జవాబులు నోటిమాటగా కాకుండా కాగితం మీద రావాలి.

తుడిచేశామనుకున్నది నిజంగా తుడిచిపెట్టుకుపోతుందన్న భరోసా కూడా పెట్టుకోకూడదు. న్యూయార్క్ టైమ్స్ వేసిన వ్యాజ్యంలో 2025 మేలో అమెరికా న్యాయస్థానం ఇచ్చిన ఉత్తర్వు వల్ల, వాడుకరులు డిలీట్ చేసిన చాట్‌జీపీటీ సంభాషణలను కూడా కొన్ని నెలలపాటు దాని తయారీ సంస్థ ఓపెన్‌ఏఐ భద్రపరచవలసి వచ్చింది. ఎడ్యు, ఎంటర్‌ప్రైజ్ ఖాతాలకు ఆ ఉత్తర్వు వర్తించలేదు. అదే ఏడాది, వాడుకరులు లింకు ద్వారా పంచుకున్న చాట్‌జీపీటీ సంభాషణలు గూగుల్ వెతుకులాటలో బయటపడ్డాయి. దానికి దారితీసిన సదుపాయాన్ని ఓపెన్‌ఏఐ తొలగించింది. విభాగపు వాట్సాప్ గ్రూపులో చాట్ లింకు పెట్టే అలవాటు ఉన్నవారు జవాబును కాపీ చేసి పంపడం మేలు.

సొంత కంప్యూటరులో నడిచే మోడళ్లు

జెమ్మా, లామా, క్వెన్ వంటి మోడళ్లను ఒల్లామా లేదా ఎల్ఎం స్టూడియో అనే ప్రోగ్రాముల సాయంతో కంప్యూటరులోకి దింపుకుంటే ఆ తరువాత ఇంటర్నెట్ లేకుండానే వాడుకోవచ్చు. రాసినది ఆ కంప్యూటరు దాటి వెళ్లదు. సుమారు 800 కోట్ల పారామితులున్న (మోడల్ పరిమాణాన్ని వీటితోనే కొలుస్తారు) మోడల్‌ను కుదించిన రూపంలో తీసుకుంటే 5 జీబీ వరకు ఉంటుంది, 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు కంప్యూటరులో నెమ్మదిగానైనా నడుస్తుంది. క్షేత్ర ఇంటర్వ్యూల సారాంశం, పరీక్ష జరగని ప్రశ్నల సవరణ వంటి పనులకు ఇదే సరైన దారి. ఈ చిన్న మోడళ్లు ఇంగ్లీషులో ఉన్నంత నమ్మకంగా తెలుగులో ఉండవు. రాయలసీమ మాటతీరులో ఉన్న ఇంటర్వ్యూను ఇచ్చినప్పుడు అర్థాన్ని తారుమారు చేయగలవు. కాబట్టి ప్రతి వాక్యాన్నీ మూలంతో సరిచూడాలి. ఇంజనీరింగ్ కళాశాలల కంప్యూటర్ సైన్స్ విభాగాలు ప్రయోగశాలలో ఒక యంత్రాన్ని ఈ పనికి కేటాయించి మిగతా విభాగాలకు అందుబాటులో ఉంచితే విద్యార్థులకూ అది మంచి ప్రాజెక్టు అవుతుంది.

ఏఐ రాసిందో లేదో తేల్చే సాధనాల గురించి

విద్యార్థి అసైన్‌మెంటు ఏఐతో రాశాడేమోనన్న అనుమానంతో దానిని ఏదో ఉచిత పరిశీలక వెబ్‌సైటులో అతికించడం రెండు విధాలుగా తప్పు. మొదటిది, విద్యార్థి రచన ఒప్పందం లేని మూడో వ్యక్తి చేతికి వెళ్తుంది. పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసం విషయంలో అయితే ప్రచురణకు ముందే ఆ పని బయటపడే ప్రమాదం ఉంది. రెండవది, ఆ సాధనాల తీర్పును నమ్మలేము. ఓపెన్‌ఏఐ తాను తయారు చేసిన పరిశీలక సాధనాన్ని కచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జులైలో ఉపసంహరించుకుంది. అదే సంవత్సరం స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివారు సొంతంగా రాసిన టోఫెల్ (ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్ష) వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవని ఈ సాధనాలు పొరపాటుగా తేల్చినట్లు చూపారు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చి, నేర్చుకున్న కొద్దిపాటి ఇంగ్లీషు వాక్యాలతో జాగ్రత్తగా రాసే మన విద్యార్థి మీద ఆ నింద పడే అవకాశం ఎక్కువ. అనుమానం వచ్చినప్పుడు ఐదు నిమిషాల వైవా పెట్టి, రాసినదాన్ని తన మాటల్లో చెప్పమనడం అందరికీ న్యాయంగా ఉంటుంది. సాహిత్య చౌర్యం పరీక్షకు విశ్వవిద్యాలయ గ్రంథాలయం అధికారికంగా అందించే సాఫ్ట్‌వేర్‌నే వాడాలి.

తరగతిలో విద్యార్థులు వాడవలసి వచ్చినప్పుడు

ఇంటర్ పూర్తి చేసి వచ్చిన మొదటి సంవత్సరం విద్యార్థుల్లో 17 ఏళ్లవారు ఉంటారు. మన చట్టంలో 18 నిండనివారంతా పిల్లలే. వారి సమాచారం వాడడానికి తల్లిదండ్రుల ధృవీకరించదగిన సమ్మతి కావాలి. విద్యాసంస్థలకు తమ విద్యా కార్యకలాపాల వరకు నియమాల్లో కొంత మినహాయింపు ఉంది. కాని అది బయటి కంపెనీ యాప్‌కు కూడా వర్తిస్తుందని అనుకోవడం సాహసం. గూగుల్ వర్క్‌స్పేస్ ఉన్నత విద్యాసంస్థల వాడుకరులను మామూలుగా 18 నిండినవారిగానే పరిగణిస్తుంది కాబట్టి మొదటి సంవత్సరం ఖాతాలకు వయస్సు అమరికను నిర్వాహకుడు విడిగా మార్చాలి.

సమ్మతి స్వేచ్ఛగా, ఏ షరతూ లేకుండా ఉండాలని చట్టం అంటుంది. ఫలానా యాప్‌లో ఖాతా తెరిచి పని చేసి చూపితేనే ఇంటర్నల్ మార్కులన్నప్పుడు విద్యార్థి ఇచ్చే సమ్మతి స్వేచ్ఛ అనిపించుకోదు. అందువల్ల ఖాతా తెరవడానికి ఇష్టపడని విద్యార్థికి అవే మార్కులతో మరో దారి ఉండాలి. అధ్యాపకుడే తెర మీద ప్రాంప్ట్ (ఏఐకి వేసే ప్రశ్న) ఇచ్చి తరగతితో కలిసి జవాబును విమర్శించడం అటువంటి దారి. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గాని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలో గాని పొందే వీలు చట్టం కల్పించింది. ఇంట్లో మొదటిసారి కళాశాల మెట్లెక్కిన పిల్లల తల్లిదండ్రులకు ఆ నోటీసు తెలుగులోనే, ఒక పేజీ మించకుండా, ఏ సమాచారం ఎక్కడికి ఎందుకు వెళ్తుందో చెప్పేలా ఉండాలి. కర్నూలులో ఉర్దూ మాధ్యమం విద్యార్థులకు ఉర్దూలో కూడా ఇవ్వడం సబబు.

పరీక్షించి, రాసిపెట్టుకోవడం

పై వడపోతలన్నీ దాటి నిలిచిన ఒకటి రెండు సాధనాలను కల్పిత సమాచారంతోనే పరీక్షించాలి. లేని విద్యార్థుల పేర్లతో మార్కుల పట్టిక, సొంతంగా అల్లిన జవాబు పత్రం తయారు చేసుకుని, విభాగం నిజంగా చేయించుకోదలచిన నాలుగైదు పనులు ఇచ్చి చూడాలి. తెలుగులో ఎలా రాస్తుంది, హంద్రీ-నీవా గురించో బెలుం గుహల గురించో అడిగితే నిజం చెబుతుందా, కల్పిస్తుందా అన్నది ఇక్కడి అధ్యాపకులు ఇట్టే పసిగట్టగలరు. ఎంత భద్రమైన ఖాతా అయినా పాఠం తప్పుగా చెప్పే సాధనం బోధనకు పనికిరాదు.

ఎంపిక తేలాక విభాగపు సమావేశంలో ఒక పేజీ తీర్మానం రాసుకుంటే చాలు. ఏ సాధనం, ఏ ఖాతా, ఏ పనులకు, ఏ సమాచారం నిషిద్ధం, పొరపాటు జరిగితే ఎవరికి చెప్పాలి అన్నవి అందులో ఉండాలి. పొరపాటున మార్కుల షీటు పంపేసిన అధ్యాపకుడు భయపడి దాచకుండా అదే రోజు చెప్పగలిగే వాతావరణం ఉంటేనే ఆ చివరి అంశం పనిచేస్తుంది. అలా చెప్పినప్పుడు ఆ సంభాషణను, అప్‌లోడ్ అయిన ఫైలును విడివిడిగా తొలగించి, ఏ ఏ వివరాలు వెళ్లాయో రాసుకుని, సంస్థ బాధ్యుల ద్వారా కంపెనీకి తొలగింపు అభ్యర్థన పంపి, ఆ విద్యార్థులకు తెలియజేయాలి. ఉచిత పథకం ముగిసే తేదీని, ఒప్పందం గడువును కూడా తీర్మానంలోనే రాయాలి. గడువు తీరేలోగా సమాచారాన్ని దింపుకుని, కంపెనీ వద్ద ఉన్నదానిని తొలగించినట్లు లిఖితపూర్వక ధ్రువీకరణ తీసుకునే బాధ్యతను పేరు పెట్టి ఒకరికి అప్పగించాలి.